మెయిల్ పంపి ఊరుకోని అక్క

అక్క పోయిందని నాకు ఎవరూ ఫోన్ చేసి చెప్పలేదు. తాయిఫ్‌లో మా ఆస్పత్రి నర్సుల గదిలో, టీ విరామంలో మెయిల్ తెరిస్తే కనిపించింది. మన తెలుగువాళ్ల గ్రూపులో వచ్చిన మెయిలే. సబ్జెక్ట్ దగ్గర ఆమె ఐడీ, పక్కన 'నో మోర్' అని రెండు ముక్కలు. కింద అప్పటికే జవాబులు బారులు తీరి ఉన్నాయి. ఎవరో జోడించిన చేతుల బొమ్మ పెట్టారు. ఎవరో ఆత్మశాంతిని ఇంగ్లీషులో మూడక్షరాలతో ముగించారు. అన్నీ చదివాను. చదివి, మెయిల్ మూసి, కప్పు కడిగి బోర్లించి, వార్డులోకి వెళ్లి కిటికీ పక్క మంచం దగ్గర సెలైన్ మార్చాను.

చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు. ఇది రాస్తున్న ఇప్పటికీ రాలేదు. పన్ను పీకే ముందు చిగురుకి మత్తు ఇస్తారే, అలా ఉంది. తాకితే తాకినట్టు తెలుస్తోంది. నొప్పి మాత్రం తెలియడం లేదు.

సాయంత్రం చీరాల నుంచి ఆమె కూతురు ఫోన్ చేసింది.

"పిన్నీ, అమ్మ..."

"తెలిసిందమ్మా."

"ఎవరు చెప్పారు?"

"గ్రూపులో వచ్చింది."

"గ్రూపులో పెట్టొద్దని అమ్మ మరీ మరీ చెప్పింది పిన్నీ. మా బాబాయి కొడుకు పెట్టేశాడంట. నేను నీకు చెప్పాలనుకున్నా" అంది. నాకు ముందే తెలిసిపోవడం ఆ పిల్లకి కష్టంగా తోచినట్టుంది. "భోంచేశావా?" అని అడిగాను.

గ్రూపు తరఫున వేస్తున్న ఈ సంచికలో ఆమె గురించి రాయమని అడిగింది మోడరేటర్ గారు. ఆయన కరీంనగర్ వాసి, రియాద్‌లో ఇంజినీరు. "మీరే రాయాలె సిస్టర్. మేమందరం ఆమెను చదివినోళ్లమే గని, దగ్గరుండి చూసినోళ్లం కాదు" అన్నారు. నిజమే. మీలో చాలామందికి ఆమె ఒక ఐడీ. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తూ, ఎక్కడ పడితే అక్కడ పెద్దక్షరాలు పెట్టే మనిషి. మిమ్మల్ని సెలవు రోజైన శుక్రవారం మధ్యాహ్నం నిద్ర లేపి ఆస్పత్రులకు తరిమిన మనిషి. నేను ఆమెతో ఒకే గదిలో ఉన్నాను. అందుకని నేను చూసింది రాస్తాను.

పక్క దేశంలో యుద్ధం ఇంకా సద్దుమణగక ముందే నేను రియాద్‌కి ఉత్తరాన, సరిహద్దు దగ్గరున్న హఫర్ అల్ బాతిన్‌లో దిగాను. మాది బందరు దగ్గర పల్లె. నర్సుల హాస్టల్లో నాకిచ్చిన గదిలో అప్పటికే ఒకావిడ ఉంది. నలభై దాటిన మనిషి, పొట్టి, చెవులకు కమ్మలు తప్ప ఒంటి మీద ఏమీ లేవు. నేను పెట్టె దించగానే అడిగిన మొదటి మాట: "ఆవకాయ తెచ్చావా, బైబిలు తెచ్చావా?"

"రెండూ తెచ్చానండీ."

"ఆవకాయ బయట పెట్టు. రెండోది బట్టల మధ్యన పెట్టు."

అదీ మా పరిచయం. భర్త పోయాక కూతుర్ని నెల్లూరులో హాస్టల్లో వేసి వచ్చిందామె. మగవాళ్ల సర్జికల్ వార్డులో పని. ఆమెకో అలవాటుండేది. తెలివి తప్పి ఉన్న పేషెంటుని కూడా పేరు పెట్టి పిలిచి, చెప్పి గాని ముట్టుకునేది కాదు. "అబ్దుల్లా, ఇటు తిప్పుతున్నామయ్యా. సూది గుచ్చుతున్నా, కొంచెం నొప్పి" అనేది, తెలుగులోనే. వినపడదు కదక్కా అని నేను నవ్వితే, "నీకెవరు చెప్పారు? నువ్వేమన్నా లోపలికెళ్లి చూసొచ్చావా?" అనేది.

మా గదిలో కంప్యూటరు ఉండేది. ఊళ్లో నెట్ సెంటర్లు మగవాళ్లకే. మేం లోపలికి అడుగు పెట్టే వీల్లేదు. కూతురికి మెయిల్ రాసుకుందామని, ఉద్యోగం ముగించి ఎగ్జిట్ వీసా మీద వెళ్లిపోతున్న ఒక ఈజిప్టు డాక్టరమ్మ దగ్గర అక్క ఒక పాత కంప్యూటరు తీసుకుంది. గదిలో ఏసీ ఉన్నా లేనట్టే. టేబుల్ ఫ్యాను ఒకటుండేది. దాన్ని మా వైపు కాకుండా ఆ పెట్టె వైపు తిప్పి పెట్టేది. "మనం చెమట పట్టినా బతుకుతాం. అది వేడెక్కితే ఆగిపోద్ది" అనేది. ఇంటర్నెట్ కార్డు గీకి నంబరు కొడితే లైను కలిసేటప్పుడు కీచుమని చప్పుడొచ్చేది గుర్తుందా? ఆ చప్పుడు వస్తున్నంతసేపూ అక్క గొంతు సవరించుకునేది, ఎక్కడో సభలో మాట్లాడబోతున్నట్టు. తర్వాత వచ్చిన మెయిల్స్ అన్నీ పైకి చదివేది. వంకాయ కూర ఎలా చెయ్యాలో అడిగిన మెయిలు కూడా.

మన గ్రూపు అప్పట్లో ఎలా ఉండేదో పాతవాళ్లకు గుర్తుండే ఉంటుంది. సినిమాలు, క్రికెట్టు, పచ్చళ్లు, కోస్తా తెలంగాణ తగాదాలు. తగాదా బాగా ముదిరినప్పుడు మధ్యలో అక్క మెయిల్ ఒకటి పడేది. 'దమ్మామ్ నుంచి ఈ వారం హైదరాబాద్ వెళ్లేవాళ్లెవరైనా ఉన్నారా? కాలు విరిగిన పేషెంటుకి తోడు కావాలి' అని. ఓ పూటపాటు తగాదా ఆగిపోయేది. ఎవరో ఒకరు దొరికేవారు. ఆ మాత్రానికే గ్రూపు గొప్పదని ఆమె నమ్మేది. మెయిల్ పంపాక కుర్చీలోంచి లేస్తూ ఎప్పుడూ ఒకే మాట అనేది: "పంపాను. ఇప్పుడు పని మొదలు."

ఆ ఏడు ఎండలు ముదురుతున్నప్పుడు మా ఆస్పత్రికి ఒకతన్ని తెచ్చారు. ఎడారి రోడ్డు పక్కన పడి ఉంటే పోలీసులు చూశారట. ఏదో బండి గుద్ది వెళ్లిపోయింది. తలకు దెబ్బ, తెలివి లేదు. జేబులో ఇకామా, అంటే అక్కడ ఉండనిచ్చే గుర్తింపు కార్డు, లేదు. ఫోన్ లేదు. ఫైలు మీద పేరుండాల్సిన చోట 'అన్‌నోన్' అని రాశారు. ఆపరేషన్ అయ్యాక అక్క వార్డుకి వచ్చాడు.

మర్నాడు అతనికి ఒళ్లు తుడవడానికి అక్కకి సాయం వెళ్లాను. తువ్వాలు తడిపి పట్టుకుని అక్క అలాగే నిలబడిపోయింది.

"ఏమైందక్కా?"

"ఈయన్ని ఏమని పిలవాలే?"

చేతికున్న పట్టీ కాస్త జరిపి తుడుస్తుంటే కుడి ముంజేతి మీద పచ్చబొట్టు కనిపించింది. ఫైల్లో 'తెలియని లిపిలో పచ్చబొట్టు' అని రాసే ఉంది. అది మన లిపే. అక్షరాలు వంకరగా, సాగిపోయి ఉన్నాయి. లచ్చవ్వ.

"మనోడే" అంది అక్క. అంతే అంది. తువ్వాలు మళ్లీ తడిపి తుడవడం మొదలుపెట్టింది.

ఆ రోజు డ్యూటీ దిగగానే గ్రూపుకి మెయిల్ రాసింది. ఆస్పత్రి పేరు రాయలేదు. ముప్పై ఏళ్లుండొచ్చు, పొట్టి మనిషి, ఎడమ కనుబొమ్మ పైన పాత మచ్చ, కుడిచేతి మీద లచ్చవ్వ అని పచ్చబొట్టు, ఎవరైనా ఎరిగితే చెప్పండి అని రాసి, కింద తన మొబైల్ నంబరు పెట్టింది. జవాబులు చాలా వచ్చాయి. అయ్యో పాపం అని, దేవుడు చల్లగా చూడాలని. అక్క ఒక్కొక్కటీ పైకి చదివింది. చదివి, "ఎరిగినోళ్లు ఒక్కరూ లేరు" అంది.

మోడరేటర్ గారు ఫోన్ చేశారు. అదే మొదటిసారి ఆయన గొంతు వినడం.

"సిస్టర్, లచ్చవ్వ అంటే మా దిక్కు పేరు. కరీంనగర్ల, నిజామాబాద్ల వాడకొక్క లచ్చవ్వ ఉంటది. ఫొటో ఉంటే జల్ది దొరుకుతడు."

"ఫొటో లేదండి."

"ఎవరిదన్న కెమెరా ఫోన్..."

కెమెరా ఫోన్ల మీద అప్పట్లో నిషేధం. అయినా కొందరి దగ్గర ఉండేవి. అక్క మధ్యలోనే అడ్డుకుంది. "వద్దండి. నోట్లో ట్యూబు, ఒంటి మీద దుప్పటే ఉంది. తెలివుంటే ఒప్పుకుంటాడా ఆయన? తెలివి లేదని తీసేసి ఊరంతా తిప్పుదామా?"

"సరే సిస్టర్. మాటలతోనే దేవులాడుదం" అన్నారాయన.

ఆ మాటలు ఎంత దూరం వెళ్లాయో మీకు తెలుసు, పంపింది మీరే కాబట్టి. కువైట్, దుబాయ్, హైదరాబాద్, అమెరికా. వెళ్తూ వెళ్తూ మారిపోయాయి కూడా. ఎవరో అతనికి రక్తం కావాలని చేర్చారు. ఎవరో బి పాజిటివ్ అని బ్లడ్ గ్రూపు కూడా రాశారు. ఇంకెవరో, సాయం చేద్దామనే, మా ఆస్పత్రి ఏదో ఊహించి స్విచ్‌బోర్డు నంబరు పెట్టేశారు. నాలుగు చేతులు మారి మన గ్రూపుకే తిరిగొచ్చిన ఆ మెయిల్‌ని అక్క గుర్తుపట్టలేకపోయింది. సగం చదివాక, "ఇది మనోడి గురించేనా?" అని నన్నడిగింది.

ఫోన్లు మొదలయ్యాయి. మొదటిది నాకు బాగా గుర్తు. మధ్యాహ్నం, అన్నం ముందు కూర్చున్నాం. అక్క ఎడం చేత్తో ఫోన్ తీసింది. అవతలావిడ గట్టిగా మాట్లాడుతోంది, నాకూ వినిపిస్తోంది.

"అమ్మా, నేను లచ్చవ్వను మాట్లాడుతున్న. గా పిలగాని చెయ్యి మీద ఉన్నది నా పేరేనంట గద."

అక్క కంచం జరిపేసింది. "మీ అబ్బాయి ఎంత ఎత్తుంటాడమ్మా?"

"గది నాకేమెర్క బిడ్డా. దర్వాజకు తల తగుల్తది వానికి."

అక్క కళ్లు మూసుకుంది. మా పేషెంటు ఏ గుమ్మానికీ తల తగలని మనిషి. "ఈయన కాదమ్మా" అంది.

"గట్ల అనకు. మల్లొక్కసారి జూడు."

"చూస్తానమ్మా."

ఏదో సర్దిచెప్పడానికి అన్న మాట అనుకున్నాను. అక్క చెయ్యి కడుక్కుని, డ్యూటీ లేకపోయినా కోటు వేసుకుని, నిజంగానే వార్డుకి వెళ్లింది. అతని మంచం పక్కన నిలబడి తల నుంచి కాళ్ల దాకా చూసింది. తిరిగొచ్చి ఫోన్ చేసి, "మళ్లీ చూశానమ్మా. మీవాడు కాదు" అని చెప్పింది. అవతల ఆవిడ ఏడవలేదు. "మరి మావోడు ఏడున్నడో" అంది, అక్కని అడుగుతున్నట్టు.

ఆ వారంలో అలాంటి ఇళ్లు నాలుగు. ఒకచోట తల్లి పేరు లచ్చవ్వ, ఒకచోట అతని తోబుట్టువు పేరు. ఒకాయన చెయ్యి మీద పచ్చబొట్టే లేదు, అయినా ఆయన భార్య ఫోన్ చేసింది. "అక్కడికొచ్చినంక పొడిపించుకున్నడేమో అనుకున్న" అంది. అక్కకి కోపం రాలేదు. ప్రతిసారీ వివరాలు అడిగేది, ప్రతిసారీ వెళ్లి చూసొచ్చేది. ఒకరోజు వార్డు నుంచి వచ్చి మంచం మీద కూర్చుని, "ఒక ఇంటి కోసం వెతుకుతున్నాం అనుకున్నాం కదే. ఇన్ని ఇళ్లు వెతుకుతున్నాయని మనకెట్టా తెలిసిద్ది?" అంది. ఆ మాట నాకు చాలాకాలం అర్థం కాలేదు.

స్విచ్‌బోర్డుకి కూడా ఫోన్లు వెళ్లేసరికి నర్సింగ్ డైరెక్టర్ అక్కని పిలిపించింది. నేను తలుపు బయట నిలబడ్డాను. పేషెంటు సంగతులు బయటికి చెప్పడానికి ఎవరు అనుమతి ఇచ్చారని డైరెక్టర్ అడగడం వినిపించింది. అక్క ఇంగ్లీషు నెమ్మదిగా, వత్తి వత్తి మాట్లాడేది.

"మందు ఇచ్చే ముందు పేషెంటు పేరు సరిచూసుకోమని మీరే మాకు చెప్తారు మేడమ్. ఈయన పేరు ఎవర్ని అడగమంటారు?"

ఆమె చేతికి హెచ్చరిక కాగితం ఇచ్చి పంపారు. ఆ కాగితాన్ని మడిచి కోటు జేబులో పెట్టుకుని, "బీపీ చూసే టైమైంది" అంటూ వార్డుకి వెళ్లిపోయింది.

చివరికి అతని ఇల్లు దొరికింది కంప్యూటర్‌లో కాదు. సిరిసిల్ల దగ్గర ఒక పల్లెలో టెలిఫోన్ బూత్ నడిపే ఆయనకి ఎవరో పట్నం నుంచి ఆ మెయిల్ ప్రింటు తెచ్చి ఇచ్చారట. ఆయన దాన్ని బూత్ అద్దానికి అంటించాడు. దుబాయ్‌లో ఉన్న బావమరిదికి ఫోన్ చేద్దామని వచ్చిన ఒకతను, లైన్ కలిసేలోగా ఆ కాగితం చదివాడు. చదివి, దుబాయ్‌కి చేయాల్సిన ఫోన్ మాకు చేశాడు.

"సిస్టరమ్మా, ఎడమ కనుబొమ్మ మీద మచ్చ అని రాసిండ్రు. కొంచెం వంకరగ ఉంటదా? కొడవలి లెక్క?"

"ఉంటదయ్యా" అంది అక్క. కంగారులో ఆమెకు ఆయన భాషే వచ్చేసింది.

"అది నేను చేసిన గాయమే. చిన్నగున్నప్పుడు చిర్రగోనె ఆడుతుంటె నా చేతిల కట్టె తగిలింది. వాడు నా తమ్ముడు. లచ్చవ్వ మా నాయినమ్మ. మమ్ముల సాదింది ఆమెనే."

"మీ తమ్ముడి పేరేంటయ్యా?"

"మల్లేశం."

గొర్రెలు కాసే పని. ఎక్కడో ఎడారి లోపల. ఒంటరిగా ఉండలేక నడుచుకుంటూ రోడ్డుకి వచ్చేశాడట. ఇకామా అతని కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, దగ్గరే ఉండిపోయింది. అవన్నీ తర్వాత తెలిశాయి. అప్పుడు మాత్రం అక్క ఫోన్ పెట్టేసి, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా వార్డుకి నడిచింది. నేనూ వెళ్లాను. మంచం దగ్గర వంగి, "మల్లేశం" అని పిలిచింది. మళ్లీ పిలిచింది. "మల్లేశం, మీ అన్న ఫోన్ చేశాడయ్యా."

కనురెప్పలు కదిలాయని అక్క అంది. నేను పక్కనే ఉన్నాను. నాకు కనిపించలేదు.

మర్నాడు వాళ్లమ్మని బూత్‌కి తీసుకొచ్చారు. అక్క తన మొబైల్ మల్లేశం చెవి దగ్గర పట్టుకుంది. ఆ తల్లి ఏం చెప్పిందో మేం వినలేదు, సన్నగా గొంతు వస్తూ ఉండటం మాత్రం తెలిసింది. చాలాసేపు మాట్లాడింది. అక్క చెయ్యి నొప్పెట్టి రెండో చేత్తో పట్టుకుందే గాని ఫోన్ తియ్యలేదు. వార్డులో ఆడవాళ్లు మొబైల్ వాడకూడదన్న సంగతి ఆ రోజు ఎవరూ ఎత్తలేదు.

అతను బతకలేదు. ఆ వారం దాటకుండానే పోయాడు. ఫైలు మీద 'అన్‌నోన్' కొట్టేసి పైన పేరు రాసింది అక్కే. కఫీల్ సంతకాల కోసం మోడరేటర్ గారు రియాద్ నుంచి బండి వేసుకుని వచ్చారు. అప్పుడు చూశాం ఆయన్ని, ఆస్పత్రి గేటు దగ్గర, దూరం నుంచి. మాకు నమస్కారం పెట్టి తలొంచుకుని వెళ్లిపోయారు. శవపెట్టె ఊరికి చేరిందని వాళ్లన్న ఫోన్ చేసినప్పుడు అక్క మంచం దుప్పటి సర్దుతోంది. "సరేనయ్యా" అని సర్దడం పూర్తి చేసింది.

రక్తం ఇస్తామని ఫోన్లు మాత్రం ఆగలేదు. మల్లేశం పోయిన ఏడాదికి కూడా ఎక్కడో కొత్తగా ఆ మెయిల్ అందుకున్నవాళ్లు చేసేవారు. "మీరు మంచోళ్లయ్యా. ఆయనకి అవసరం తీరింది. మీ ఊళ్లో ఆస్పత్రికెళ్లి ఇవ్వండి" అని చెప్పేది, విసుగు లేకుండా.

ఆమెని పట్టి ఉంచింది ఆ మిగతా నాలుగు ఇళ్లు. వాళ్ల గురించి గ్రూపులో ఒక్కొక్కటిగా మెయిల్స్ రాసింది. అవి మల్లేశం మెయిల్‌లా పరిగెత్తలేదు. వాటిలో మంచం లేదు, దెబ్బ లేదు, పచ్చబొట్టు లేదు. ఫలానా ఊరివాడు ఇంటికి ఫోన్ చేయడం మానేశాడు అనే ఉంది. జవాబులు రాలేదు. అదే సమయంలో గ్రూపులో కొందరు కుర్రవాళ్లు ఇంటర్నెట్‌లో ఒక విన్నపం పెట్టారు. తప్పిపోయినవాళ్ల కోసం ఇళ్లవాళ్లు మన రాయబార కార్యాలయానికి ఫోన్ చేస్తే తెలుగులో సమాధానం చెప్పేవారుండాలని. సంతకాలు విపరీతంగా వచ్చాయి. అక్క కూడా పెట్టింది, పేరూ నంబరూ రాసి. చాలామంది పేరు రాయకుండా పెట్టారు. నేను ఆ మాట ఎత్తితే, "భయం ఉండదా మరి? వాళ్ల ఉద్యోగాలు ఇక్కడ. పేరు లేకపోయినా మనసు పెట్టారుగా" అంది. ఆ విన్నపం ఏమైందో నాకు తెలియదు. అక్క దాని కోసం ఎదురుచూడలేదు. సంతకం పెట్టిన మర్నాడే గ్రూపుకి రాసింది: 'నిన్న సంతకం పెట్టినవారిలో అల్ ఖర్జ్‌లో ఎవరున్నారు? తాయిఫ్‌లో ఎవరున్నారు? శుక్రవారం మధ్యాహ్నం ఒక గంట ఖాళీగా ఉంటుందా? మీ ఊరి ఆస్పత్రికి వెళ్లి, పేరు లేని మనవాళ్లెవరైనా ఉన్నారేమో చూసి రండి.'

మొదటి వారం ఒక్కరే జవాబిచ్చారు. అల్ ఖర్జ్‌లో ఒక పాల ఫారంలో పశువులకు మందులు వేసే ఉద్యోగి. ఆయన ఆస్పత్రికి వెళ్లొచ్చి, ఎవరూ లేరని రాశాడు. ఎవరూ లేరన్న ఆ మెయిల్‌ని అక్క పండగ కబురులా చదివింది. "చూశావా, ఒక మనిషి లేచి వెళ్లాడు" అంది. తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. మీలో శుక్రవారాలు వెళ్తున్నవాళ్లకు ఆ పని ఎక్కణ్నుంచి మొదలైందో తెలియాలని ఇదంతా రాస్తున్నాను.

ఆ పాల ఫారం ఉద్యోగే మొదటి లచ్చవ్వగారి కొడుకుని కనిపెట్టాడు. ఆస్పత్రిలో కాదు, తను పనిచేసే ఫారంలోనే, ఇంకో షెడ్డులో. గుమ్మానికి తల తగిలే మనిషి, నిక్షేపంగా ఉన్నాడు. వచ్చేటప్పుడు తండ్రితో పోట్లాడి వచ్చాడట. ఫోన్ చేద్దామని రోజూ అనుకుంటూనే, రోజులు గడిచేకొద్దీ ఏం చెప్పాలో తోచక మానేశాడట. అక్కకి ఫోన్ కలిపి ఇచ్చారు. అక్క అంతగా అరవడం నేను ఎప్పుడూ వినలేదు.

"బతికుండి కూడా మీ అమ్మని ఇంకొకడి మంచం దాకా తెచ్చావు కదరా! నా కొడుకేనేమో మళ్లీ చూడమంది నన్ను. తెలుసా నీకు? ముందు ఈ ఫోన్ పెట్టేసి ఆమెకి చెయ్యి. ఏం చెప్పాలో తెలియకపోతే అమ్మా అను చాలు."

ఆ నలుగురిలో మరొకతన్ని పోలీసులు పట్టుకుని ఇంటికి పంపేశారని తర్వాత తెలిసింది. మిగతా ఇద్దరూ ఈ రోజుకీ దొరకలేదు.

రెండేళ్లు గడిచాక ఆస్పత్రివాళ్లు ఆమె కాంట్రాక్టు పొడిగించలేదు. కారణం చెప్పలేదు. ఆమె అడగనూ లేదు. కంప్యూటరు నాకు వదిలేసి ఎగ్జిట్ మీద వెళ్లిపోయింది. బస్సు ఎక్కేముందు కూడా చెప్పింది, ఫ్యాను దాని వైపే పెట్టమని. చీరాలలో ఒక నర్సింగ్ హోమ్‌లో చేరింది. అక్కడ నెట్ సెంటర్లో ఆడవాళ్లు కూర్చోవచ్చు. "ఇక్కడ ఎవరూ ఆపరు గాని, పక్కన కుర్రాళ్లు ఆటలాడుతూ ఒకటే గోల" అని నవ్వేది. శుక్రవారాలకి మనుషుల్ని అక్కడి నుంచే కుదిర్చేది. నేను తాయిఫ్‌కి మారాక మొదటి వారమే నాకూ మెయిల్ వచ్చింది, కొత్తవాళ్లకు రాసినట్టే: 'తాయిఫ్‌లో ఎవరున్నారు?' అని.

జబ్బు సంగతి నాకు ఫోన్‌లో చెప్పింది. కడుపులో గడ్డ, అప్పటికే ఆలస్యమైంది. ఏ మందులు వాడుతున్నారో ఇద్దరం నర్సుల్లాగే మాట్లాడుకున్నాం. చివర్న అంది: "గ్రూపులో పెట్టొద్దు. త్వరగా కోలుకోండి అని అందరూ మెయిల్స్ పెడతారు. పని మెయిల్స్ కిందకి పోతాయి."

అదే జరిగింది. ఆమె పోయిన కబురు కింద వచ్చిన జవాబుల మధ్యలో, జుబైల్ నుంచి ఒకరు పంపిన మెయిల్ కిందకి పోయింది. పేరు తెలియని పేషెంటు గురించి. దాన్ని వెతికి పైకి తెచ్చింది మోడరేటర్ గారు.

ఆ శుక్రవారం నేను మామూలుగానే వార్డులు తిరిగి వచ్చాను. ఎవరూ లేరు. గదికి వచ్చేసరికి అక్క కూతురి నుంచి మెసేజ్ ఉంది. అమ్మ ఫోన్‌కి కడప దగ్గర నుంచి ఒకామె చేసిందని, అమ్మ లేదని చెప్పడానికి నోరు రాలేదని, నన్ను మాట్లాడమని. నేను చేశాను.

"సిస్టరమ్మేనా?" అంది అవతలి గొంతు. పెద్ద వయసు. "మా చిన్నోడు హఫర్ తట్టు ఉండాడమ్మా. పండగ కాడి నుంచి ఫోన్ ల్యా. నీకు చెప్తే కనుక్కుంటావంట గదా."

"నేను ఆమెని కాదమ్మా. ఆమె పోయారు. మొన్ననే."

"అయ్యో" అంది. "అట్లయితే నీకు చెప్పొచ్చునా?"

"చెప్పొచ్చమ్మా."

చెప్పింది. పేరు, వయసు, ఒంటి మీద గుర్తులు. నేను అడగాల్సినవన్నీ అడిగాను. ఏమైనా తెలిస్తే చేస్తానని, ఈలోగా వాడే ఫోన్ చేస్తే నాకు చెప్పమని, నా నంబరు రాసుకోమన్నాను.

"ఉండుమ్మా, సుద్దముక్క తెచ్చుకుంటా. తలుపు మీద రాసుకుంటా. అంకెలు వస్తాయి నాకు. అచ్చరాలే రావు."

ఒక్కొక్క అంకే చెప్పాను. ప్రతి అంకె తర్వాత చెక్క మీద సుద్ద గీసిన చప్పుడు, ఆ తర్వాత "ఊ" అని. ఆ "ఊ" వచ్చాకే తర్వాతది చెప్పాను. చివరి అంకె దగ్గర సుద్ద విరిగింది. ముక్క కింద పడి దొర్లిన చప్పుడయింది. ఆమె నేల మీద తడుముకుంటోంది. "ఫోన్ పెట్టేయాకమ్మా, ఉండు, ఉండు" అంటోంది.

నేను ఫోన్ చెవి దగ్గర పట్టుకుని అలాగే ఉన్నాను.